గింజ అబద్ధమాడదు

రేగులపాడు ఊరూ కాదు, నగరమూ కాదు. నగరం వైపు నుంచి చూసేవాళ్ళకు రైల్వే గేటు అవతలి పల్లెటూరు, పొలాల వైపు నుంచి చూసేవాళ్ళకు అపార్టుమెంట్లు మొలిచిన నగరం. పైన నాలుగో అంతస్తులో లిఫ్టు ఆగిపోయి జనం కేకలు వేస్తుంటే, కింద సెల్లారులో గేదె ఈనుతూ ఉంటుంది. ఇలాంటి చోటును ఏమనాలో తోచక ప్రభుత్వం వారు పురపాలక సంఘం అన్నారు. పేరు పెట్టి ఊరుకుంటారా? ముందు పన్నులు వచ్చాయి, తర్వాత కమిషనర్ పురుషోత్తమరావు వచ్చాడు, ఆయన వెనకాలే ప్రణాళికలు వచ్చాయి.

ఆ ఏడు ఆషాఢంలో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. దాని పేరు ‘ఒకే పట్టణం, ఒకే ప్రాధాన్యం’. ప్రతి పట్టణమూ తన రోగాలన్నిట్లోకీ ముఖ్యమైన రోగాన్ని ప్రజల చేతే ఎన్నిక చేయించుకోవాలి. ఆ తర్వాత నిధులూ, మందులూ, మంచాలూ, మనుషులూ అన్నీ ఆ రోగానికే. మిగతా రోగాలు తమ వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి. రోగాలకు ఓపిక ఉంటుందా అన్న సంగతి ఉత్తర్వులో రాయలేదు.

ఉత్తర్వంటే పురుషోత్తమరావుకు పెళ్ళిపిలుపుతో సమానం. వెంటనే నగరం నుంచి ఒక ప్రణాళికా నిపుణుణ్ణి రప్పించాడు. ఆయన ఖద్దరు లాల్చీ వేసుకుని, గోనెసంచీ నిండా చింతగింజలు పట్టుకుని దిగాడు. రోగాల బొమ్మలు నేలమీద ముగ్గుతో వలయాలుగా వేస్తారు. ఆడవాళ్ళందరికీ తలా పది గింజలు ఇస్తారు. ఏ రోగం ముఖ్యమనుకుంటే ఆ వలయంలో గింజలు వెయ్యాలి. అంతే.

“చదువు రానివాళ్ళు సైతం తమ మనోగతాన్ని నిర్భయంగా వ్యక్తీకరించగల మహత్తర భాగస్వామ్య ప్రక్రియ ఇది,” అన్నాడు నిపుణుడు. “మనిషి అబద్ధమాడవచ్చు. గింజ అబద్ధమాడదు.”

మనుషుల్ని తోలుకురమ్మని డ్వాక్రా లీడర్లకు కబురు వెళ్ళింది. వాళ్ళలో పిండిమర దమయంతి ఒకతె. మొగుడు పోయాక మిల్లునూ, కొడుకునూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. కొడుకు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే. కోడలు కుసుమ. పెళ్ళయిన ఆరేళ్ళకు, మొక్కని దేవుడూ ఎక్కని మెట్టూ మిగలకుండా అయ్యాక, కుసుమకు ఇప్పుడు నాలుగో నెల.

ఈ సంగతి ఇంట్లో వాళ్ళకూ, ఆరోగ్యకేంద్రం నర్సు ఎస్తేరుకూ తప్ప నరమానవుడికి తెలియదు. ఆరేళ్ళ తర్వాత వచ్చిన కడుపు, దిష్టి తగిలితే తట్టుకుంటుందా? కుసుమ వాంతి చేసుకున్నప్పుడల్లా ఆ చప్పుడు బయటికి పోకుండా దమయంతి మిల్లు ఆన్ చేసేది. ఆడించడానికి పప్పున్నా లేకపోయినా మిల్లు తిరిగేది. ఆ నెల కరెంటు బిల్లు చూసి కొడుకు ఫోన్లో లబోదిబోమన్నా ఆవిడ లెక్కచెయ్యలేదు.

ఆవిడ బెంగల్లా పురుడు గురించే. కుసుమకు తల్లి చిన్నప్పుడే పోయింది, పుట్టిల్లంటూ లేదు. బైపాసు మీద అద్దాల నర్సింగ్ హోమ్ ఉంది గానీ, దాని మెట్లెక్కితే దిగేటప్పుడు మిల్లు మిగలదు. నగరంలో పెద్దాసుపత్రికి పోవాలంటే మధ్యలో రైల్వే గేటు. అది ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు లేస్తుందో స్టేషన్ మాస్టరు కూడా చెప్పలేడు. ఇక మిగిలింది ఊళ్ళో ఆరోగ్యకేంద్రం, అందులో పురిటిగది, ఆ గదిలో ఎస్తేరు. గదిలో లైటు వెలగదు, మంచం కాలు ఊగుతుంది, కానీ ఊళ్ళో సగం మంది ఎస్తేరు చేతులమీదే భూమ్మీద పడ్డారు. ఆ గదికి నాలుగు నిధులొచ్చి బాగుపడితే దమయంతికి అంతకన్నా కావలసిందేముంది?

అంచేత గింజల రోజున ఆవిడ గట్టి నిశ్చయంతోనే బయల్దేరింది. పది గింజలూ పురుళ్ళ వలయంలోనే వెయ్యాలి.

మునిసిపల్ స్కూలు మైదానంలో ముగ్గులు బ్రహ్మాండంగా వేశారు. క్షయ, షుగరు, తాగుడు, దోమల జ్వరాలు, ప్రసవాలు. ఒక మూల కాస్త చోటు మిగిలిపోయింది. పొద్దున గెస్ట్ హౌసులో పెసరట్టు ఉప్మా రెండుసార్లు వేయించుకున్న నిపుణుడు పొట్ట నిమురుకుంటూ, అక్కడ గ్యాస్ కూడా గీయమన్నాడు.

ఆడవాళ్ళు గుప్పిళ్ళు బిగించుకుని వలయాల చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టారు. క్షయ దగ్గర ఎవరూ ఆగలేదు. ఆగితే ఆ ఇంటి పిల్లకు సంబంధం వస్తుందా? తాగుడు వలయం దగ్గర ఆగబోయినవాళ్ళు, గోడవారగా నిలబడి బీడీ కాలుస్తూ చూస్తున్న మొగుణ్ణి గమనించి ముందుకు సాగిపోయారు. దోమల జ్వరమని ఒప్పుకుంటే మా ఫ్లాట్లు ఎవరు అద్దెకు తీసుకుంటారని అపార్టుమెంటు ఆడవాళ్ళు ఒకరికొకరు కళ్ళతోనే చెప్పుకున్నారు. పక్కింటి తాయారమ్మ మొగుడికి షుగరు ముదిరి కాలివేలు తీసేశారు. అయినా ఆవిడ షుగరు వలయం వంక కన్నెత్తి చూడలేదు. షుగరని పేరు పడితే పెళ్ళిళ్ళలో ఆయన విస్తట్లో లడ్డు వెయ్యరు కదా!

దమయంతి పురుళ్ళ వలయం దగ్గర ఆగింది. గుప్పిలి తెరవబోయింది.

“ఏం దమయంతీ, ఆ బొమ్మ కాడే నించుండిపోయావేంటి?” అని వెనకనుంచి తాయారమ్మ గొంతు. “ఇంట్లో ఏవన్నా విశేషమా?”

తాయారమ్మ మంచి మనిషే. కన్నే మంచిది కాదని ఊరి నమ్మకం. ‘అబ్బ, ఎంత బాగా కాసిందో’ అని ఆవిడ మెచ్చుకున్న సొరపాదు మర్నాటికల్లా వడలిపోయిందట. దమయంతి గుప్పిలి మళ్ళీ బిగించింది.

“విశేషమా, పాడా! కాలు తిమ్మిరెక్కి ఆగాను వదినా. నాకుండేది గ్యాసే. రాత్రంతా ఒకటే త్రేన్పులనుకో,” అంటూ గబగబా మూలకు నడిచి పది గింజలూ గ్యాస్ వలయంలో కుమ్మరించింది.

“నాకూ అంతే తల్లీ,” అంటూ తాయారమ్మా కుమ్మరించింది. గ్యాస్ అంటే పరువైన జబ్బు, తిండికి లోటులేని ఇంటి జబ్బు. దానివల్ల సంబంధాలు తప్పవు, అద్దెలు తగ్గవు, మొగుడు కొట్టడు. చూస్తుండగానే ఆ మూల చింతగింజల గుట్ట లేచింది.

నిపుణుడు వలయాలన్నీ కలయతిరిగి మైకు అందుకున్నాడు. “రేగులపాడు ప్రజానీకం ఏకగ్రీవంగా తన గుండె విప్పింది. క్షయ శూన్యం. షుగరు శూన్యం. తాగుడు శూన్యం. జ్వరాలు శూన్యం. ప్రసవాలు శూన్యం. ఈ పట్టణపు ఏకైక సమస్య గ్యాస్!”

పురుషోత్తమరావు ఆయన చెవిదగ్గరికి వంగాడు. “ప్రసవాలు శూన్యమంటే... ఊళ్ళో పిల్లలు పుట్టడం లేదనా అండీ?” అదే సమయానికి ఆడవాళ్ళ చంకల్లోంచి నలుగురైదుగురు పసిపిల్లలు గుక్కపట్టారు. కమిషనర్ అటు చూశాడు.

“అది సమాచారం కాదు కమిషనర్ గారూ,” అన్నాడు నిపుణుడు శాంతంగా. “అది శబ్దం.”

వారం తిరక్కుండా ప్రణాళిక నడవడం మొదలైంది. ‘ప్రజలు కోరని సేవ’ కింద పురిటిగదిని మూసేశారు. దానికి రంగులు వేసి ‘వాయు ఉపశమన మందిరం’ అని బోర్డు కట్టారు. ఊగే కాలు మంచాన్ని మెట్లకింద గదిలోకి నెట్టి, దానిమీద సోడాబుడ్ల పెట్టెలు పేర్చారు. ఎస్తేరును శిక్షణకు పంపి, ‘వాయు విమోచన సహాయకురాలు’ అన్న సర్టిఫికెట్టుతో తిరిగి రప్పించారు. గోడలమీద ‘త్రేన్చండి, తేలికపడండి’ అని రాయించారు. స్కూలు పిల్లలు ఓమ పొట్లాలు చేతబట్టుకుని ఎర్రటి ఎండలో ఊరేగారు.

రెండు నెలలు గడిచేసరికి పెద్ద చిక్కు వచ్చింది. ఓమనీళ్ళు పనిచేసి జనానికి గ్యాస్ తగ్గిపోతోంది. గ్యాస్ తగ్గితే కేసులు తగ్గుతాయి, కేసులు తగ్గితే నిధులు తగ్గుతాయి. పురుషోత్తమరావు అత్యవసర సమావేశం పెట్టి, “ప్రాధాన్యాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మనందరిమీదా ఉంది,” అని గద్గదంగా సెలవిచ్చాడు. మర్నాటినుంచి ఆరోగ్యకేంద్రం వాకిట్లో మిరపకాయ బజ్జీల బండి వెలిసింది. బజ్జీలు ఉచితం. ముందు బజ్జీ, తర్వాత ఓపీ చీటీ, ఆ తర్వాత ఓమనీళ్ళు. ఆ బజ్జీలకు శనగపప్పు పిండి ఆడించే కాంట్రాక్టు దమయంతి మిల్లుకు వచ్చింది.

మిల్లు ఇప్పుడు పొద్దస్తమానం నిజంగానే తిరుగుతోంది. ఆడించుకున్నంత పిండి, చేసుకున్నంత రాబడి. కానీ కుసుమ కడుపు ఎత్తు పెరిగేకొద్దీ దమయంతికి అన్నం సహించడం మానేసింది. దసరా వెళ్ళాక ఒకరోజు ఇక లాభం లేదని కమిషనర్ ఆఫీసుకు వెళ్ళింది. గదిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

“బాబూ, మా కోడలికి ఎనిమిదో నెలండీ. పురిటిగది మళ్ళీ తెరిపించండి, మీకు పుణ్యముంటది.”

పురుషోత్తమరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడమ్మా, ఈ పట్టణంలో ప్రసవాలు లేవని ప్రజలే నిర్ధారించారు. ప్రజాభీష్టానికి విరుద్ధంగా మీ కోడలు గర్భం దాల్చడం విచారకరం.”

“విచారమేంటండీ, ఆరేళ్ళకి కాసిన కాయ!”

“వ్యక్తిగతంగా నాకూ సంతోషమే. కానీ ఒక్క సంఘటన సమాచారం కిందికి రాదు. ఉగాది వెళ్ళాక సమీక్ష ఉంది. అప్పుడు ప్రజలు మళ్ళీ గింజలు వేస్తారు. అందాకా ఆగాలి.”

“ఎవరండీ ఆగేది?”

“సంబంధిత వ్యక్తి.”

దమయంతి బయటికి వచ్చింది. ఆ గుట్టలో తన గింజలూ ఉన్నాయి. కడుపులో ఉన్న బిడ్డను దిష్టి నుంచి కాపాడబోయి, బిడ్డ దిగవలసిన గదినే పోగొట్టింది. తన చేత్తో తనే చేసిన పని. మెట్లు దిగుతుంటే ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కార్తీకమాసంలో ఒక ఉదయం కుసుమకు నొప్పులు మొదలయ్యాయి. కొడుకు లారీతో ఒరిస్సాలో ఉన్నాడు. దమయంతి ఆటో మాట్లాడి కోడల్ని ఎక్కించి పెద్దాసుపత్రికి బయల్దేరితే, రైల్వే గేటు పడి ఉంది. గేటు కడ్డీలకు అడ్డంగా గూడ్సు బండి ఆగిపోయి ఉంది. అది కదలదు, గేటు లెయ్యదు. కుసుమ అత్త చెయ్యి పట్టుకుని “ఇంక నావల్ల కాదత్తయ్యా” అని అరిచింది. దమయంతి ఆటో వెనక్కి తిప్పించింది.

ఆరోగ్యకేంద్రం ముందు ఆ రోజు మామిడాకుల తోరణాలున్నాయి. గ్యాస్ నివారణలో రేగులపాడు సాధించిన ప్రగతికి పురస్కారం ఇవ్వడానికి పైనుంచి బృందం వచ్చి ఉంది. పూలదండల మధ్య పురుషోత్తమరావు, నిపుణుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆటో వచ్చి ఆగి, అందులోంచి నిండు గర్భిణి మూలుగుతూ దిగేసరికి కమిషనర్ ముఖాన నెత్తురుచుక్క లేదు.

“ఏమిటీ కేసు?” అన్నాడు బృందం నాయకుడు.

ఎస్తేరు బయటికి పరుగెత్తుకొచ్చింది. కుసుమను చూసింది, దమయంతిని చూసింది, దండల్ని చూసింది. ముఖంలో ఏ మార్పూ లేకుండా అంది. “గ్యాస్ సార్. తొమ్మిది నెలల్నుంచి పేరుకుపోయింది. వెంటనే విమోచన చెయ్యాలి.”

“అద్భుతం! మేము చూడవచ్చా?”

“ఆడవాళ్ళ గ్యాస్ సార్.”

“ఓహో,” అని నాయకుడు మర్యాదగా బజ్జీల బండి వైపు తిరిగాడు.

మెట్లకింద గదిలో దమయంతి సోడాబుడ్ల పెట్టెల్ని ఒక్కొక్కటే ఎత్తి అవతల కుదేసింది. ఊగే మంచం కాలికింద ఇటుక పెట్టింది. లైటు లేదు. ఫోను లైటు పట్టుకుని నిలబడింది. ఎస్తేరు మాటలు ఒకటొకటిగా వినబడుతున్నాయి. “ఊపిరి తీసుకో తల్లీ... ఇంకొక్కసారి... ఆఁ, వచ్చేసింది.”

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. నీలంగా ఉంది, మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఎస్తేరు పేగు తప్పించి, నోరు తుడిచి, తలకిందులుగా పట్టుకుని వీపు చరిచింది. దమయంతి ఫోను వెలుతురు బిడ్డ ముఖం మీదికి వంచింది. ఆవిడకు దేవుడు గుర్తు రాలేదు. చింతగింజలు గుర్తొచ్చాయి. ఈ గదికి వేయాల్సినవి, వేయకుండా మూలకు పోసినవి. ‘నా తల్లే, నీకేమన్నా అయితే నిన్ను చంపింది నేనే’ అని లోపల్లోపల గుండెలు బాదుకుంది.

అప్పుడు బిడ్డ కెవ్వుమంది.

బయట బజ్జీ నోట్లో పెట్టుకోబోతున్న నాయకుడు ఆగిపోయాడు. “ఆ శబ్దమేమిటి?”

పురుషోత్తమరావు నిపుణుడి వైపు చూశాడు. నిపుణుడు తోరణాల వైపు చూశాడు. “ఉపశమనం సార్,” అన్నాడు కమిషనర్.

“ఇంత స్పష్టమైన ఉపశమనం నేను ఏ పట్టణంలోనూ వినలేదు!” అని నాయకుడు ఆయనకు చెయ్యిచ్చి ఊపేశాడు. పురస్కారం ఆ నిమిషానే ఖాయమైంది. పిల్లకు పుట్టిన సర్టిఫికెట్టు మాత్రం ఖాయం కాలేదు. ప్రసవాలు లేని ఊళ్ళో పుట్టినట్టు రాయడం కుదరదన్నారు. కావాలంటే గ్యాస్ తగ్గిన సర్టిఫికెట్టు ఇస్తామన్నారు.

దమయంతి మనవరాల్ని ఐదు నెలలు గడప దాటించలేదు. నుదుట చుక్క, బుగ్గన చుక్క, అరికాలికి చుక్క. పిల్ల గుక్కపెడితే మిల్లు ఆన్ చేసేది. వీధిలో తెలిసినా తెలియనట్టే ఉండేవాళ్ళు, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ అలాంటి మిల్లు ఏదో ఒకటి తిరుగుతూనే ఉంది. ఎవరింట్లో టీవీ, ఎవరింట్లో కుక్కరు.

ఉగాది వెళ్ళింది. సమీక్ష రోజు వచ్చింది. అదే మైదానం, అవే ముగ్గులు. గ్యాస్ వలయాన్ని మాత్రం ఈసారి మధ్యలో వేసి, చుట్టూ బంతిపూలు పేర్చారు. నిపుణుడు మైకు ముందు నిలబడి, “నిరుటి ప్రణాళిక విజయగాథకు సజీవ నిదర్శనం! తొమ్మిది నెలల గ్యాస్ నుంచి విముక్తి పొందిన కుటుంబ పెద్ద దమయంతమ్మ గారు తమ అనుభవాన్ని పంచుకుంటారు,” అన్నాడు.

దమయంతి వచ్చింది. ఒక చేతిలో పది గింజలు, చంకలో మనవరాలు, వెనకాల కుసుమ. పిల్లను చూసి జనం గుసగుసలాడారు. ఆవిడ మైకు దగ్గరికి పోలేదు. తిన్నగా పురుళ్ళ వలయంలోకి నడిచి, భుజం మీది పాతచీర పరిచి, పిల్లను దానిమీద వెల్లకిలా పడుకోబెట్టింది.

“ఇదుగోనండీ నా గింజ. లెక్కెట్టుకోండి.”

నిపుణుడు దగ్గరికొచ్చి చిరునవ్వు నవ్వాడు. “అమ్మా, ఈ ప్రక్రియలో చింతగింజలు మాత్రమే చెల్లుతాయి.”

“మీ గింజలు అబద్ధమాడినయ్యి బాబూ. నా చేత్తోనే ఆడినయ్యి. నా ఇంట్లో నాలుగో నెల కడుపు పెట్టుకుని, మూలకెళ్ళి త్రేన్పులని పోశాను. మెట్లకింద, సోడాబుడ్ల గదిలో, సెల్‌ఫోన్ లైటుకి పుట్టింది ఈ పిల్ల. నీలంగా పుట్టింది. ఇది అబద్ధమాడుద్దేమో మీరే చూడండి.”

పిల్ల నలువైపులా చూసింది. కాళ్ళు పైకెత్తింది, నడుం తిప్పింది, మూలిగింది, ఊళ్ళో అందరి కళ్ళముందూ మొదటిసారి బోర్లా పడింది. తల ఎత్తి నిపుణుడి వైపు చూసి బోసినోటితో నవ్వింది.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అన్న గొంతు వినబడింది. తాయారమ్మ! ఆవిడ నోరు తనే మూసుకుంది. కుసుమ పిల్లకోసం ముందుకు ఉరికింది.

దమయంతి కోడల్ని చెయ్యడ్డం పెట్టి ఆపింది. “చూడు వదినా. కంటినిండా చూడు. నీ కన్ను చెయ్యని కీడు నా భయం చేసింది.”

తాయారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పమిటతో ఒత్తుకుంటూ వలయం దగ్గరికి వచ్చింది. ఐదు గింజలు లెక్కపెట్టి పిల్ల పక్కన పెట్టింది. “మా పెద్దదానికి నెలలు నిండాయి,” అంది. తక్కిన ఐదూ తీసుకెళ్ళి, మొగుడు చూస్తుండగానే షుగరు వలయంలో వేసింది.

ఆ తర్వాత ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. మైదానమంతా గింజలు రాలాయి. క్షయలో పడ్డాయి, జ్వరాల్లో పడ్డాయి. తాగుడులో పడేటప్పుడు గోడవార బీడీలు ఆరిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువ పిల్ల చుట్టూ పడ్డాయి. నిపుణుడు తలపట్టుకుని, “నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న పట్టణం! ఒక్క పూటలో ఇన్ని రోగాలా!” అని వాపోయాడు. బంతిపూల వలయంలో కనిపించిన పది గింజలు పురుషోత్తమరావువి.

ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి ఒకే ప్రాధాన్యం ఉండాలి. అది ఈసారి ప్రసవాలయింది. వారం తిరక్కుండా బోర్డు మారింది, మంచానికి కొత్త కాలు వచ్చింది, గదిలో లైటు వెలిగింది. గ్యాస్ ‘ప్రజలు కోరని సేవ’ అయింది. షుగరువాళ్ళూ క్షయవాళ్ళూ తమ వంతు కోసం ఇంకా చూస్తూనే ఉన్నారు.

పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు పంచాలి కదా. దమయంతి మిల్లులో పురపాలక సంఘం వారి శనగపప్పు అర బస్తా మిగిలి ఉంది. కొత్త బోర్డు కట్టిన రోజున ఆవిడ దాంతో బొబ్బట్లు చేసి ఊరంతా పంచింది. కమిషనర్ గారికి నెయ్యి దట్టంగా వేసి మరీ పంపింది. ఆయన మొహమాటపడుతూనే ఏడు తిన్నాడు.

సాయంత్రానికి పొట్ట డోలులా ఉబ్బి, ఆయన ఆయాసపడుతూ ఆరోగ్యకేంద్రం మెట్లెక్కాడు. “సిస్టర్, కాస్త ఓమనీళ్ళు...”

ఎస్తేరు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. “ఎన్నో నెల సార్?”

“నెలేమిటి? గ్యాస్!”

“ఈ పట్టణంలో గ్యాస్ లేదని ప్రజలే తేల్చారండి. వచ్చే సమీక్షదాకా ఆగాలి.”

“ఎవరాగాలి?” అని అరిచాడు పురుషోత్తమరావు పొట్ట పట్టుకుని.

“సంబంధిత వ్యక్తి,” అంది ఎస్తేరు, లోపల నొప్పులు పడుతున్న తాయారమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ.